ఉత్తరం చూసి పెట్టిన అద్దాలు

మా మిల్లులో పనిచేసిన పాతవాళ్లు ఎవరైనా నరసరావుపేట బజారులో ఎదురుపడితే నన్ను పేరు పెట్టి పిలవరు. "ఏం ఉత్తరం ఓవర్సీరు గారూ, కులాసానా?" అంటారు. ఒకసారి పక్కనే ఉన్న మా మనవరాలు "తాతయ్యా, నువ్వు పోస్టాఫీసులో చేశావా?" అని అడిగింది. కాదమ్మా, నేను మిల్లు కట్టించాను అంటే దానికి నమ్మకం కుదరలేదు. మిల్లు కట్టించేవాడికి ఉత్తరాలతో ఏం పని అని దాని అనుమానం. న్యాయమైన అనుమానమే. లేని పనిని నేనే కల్పించుకున్నాను.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇవాళ రాసేస్తాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న ఇంజనీరు పిల్లలు చదివితే సంతోషం. నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, కానీ రేపు పనికి వెళ్లినప్పుడు మీ సైటు మేస్త్రీ ఏదైనా చెప్పబోతే మధ్యలో ఆపకండి.

యాభైల చివరి రోజులవి. నా ఈడువాళ్లంతా ఓవర్సీరు పరీక్ష పాసై మాచర్ల అవతల డ్యాము పనికి బారులు తీరి పోతున్నారు. నన్ను మాత్రం మా అమ్మ పోనివ్వలేదు. అక్కడ ఎండకు మాడిపోతావు, ఏదన్నా నీడపట్టున ఉండే ఉద్యోగం చూసుకో అంది. అప్పుడే పేట అవతల ఒక పత్తి వ్యాపారి నూలు మిల్లు కట్టబోతున్నాడని తెలిసింది. మిల్లు అంటే నీడలో కూర్చునే పని అనుకుని చేరిపోయాను. కట్టడం పూర్తయ్యేదాకా అది మిల్లు కాదని, ఉత్త పత్తిచేనేనని, చేలో గొడుగు పట్టేవాళ్లెవరూ ఉండరని చేరాక అర్థమైంది.

మా యజమాని పత్తి కొని, గింజ తీయించి, బేళ్లు కట్టి పైవూళ్లకు పంపేవాడు. మన పత్తి ఎక్కడికో వెళ్లి నూలై మళ్లీ మన నేతగాళ్ల దగ్గరకే రావడం ఏమిటని ఆయనకు ఒకనాడు రోషం వచ్చింది. ఆ రోషం నుంచి పుట్టిందే మా మిల్లు. కోటప్పకొండ స్వామికి మొక్కుకోకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు. మా చేలో నిలబడి దక్షిణంగా చూస్తే ఆ కొండ ఎదురుగా కనిపిస్తుంది. అది చూసే ఆయన ఆ చేను కొన్నాడు.

ఆ కట్టడం లాంటిది మా చుట్టుపక్కల అంతకు ముందు ఎవరూ చూసి ఎరుగరు. మా వైపు పెద్ద కట్టడం అంటే గుళ్లు, చర్చీలు, పొగాకు గోడౌన్లు. ఈ మిల్లు కప్పు మాత్రం రంపం పళ్లలా ఉంటుంది, వరసగా పన్ను పక్కన పన్ను. ఒక్కో పంటికి ఒక పక్క ఏటవాలుగా రేకులు, రెండో పక్క నిట్టనిలువుగా అద్దాలు. ఇనప చట్రాలు ఎక్కించీ ఎక్కించకముందే ఊళ్లో దానికి రంపం మిల్లు అని పేరు పడిపోయింది. ముప్పాళ్ల నుంచి ఒక పెద్దాయన రెండు బండ్ల మీద తుమ్మ దుంగలు వేసుకొచ్చి, కోసిపెట్టమని గేటు దగ్గర కూర్చున్నాడు. ఇది దుంగలు కోసే మిల్లు కాదు పెద్దాయనా, నూలు మిల్లు అంటే, "మరి నెత్తిన రంపం ఎందుకు పెట్టుకున్నారయ్యా?" అని పోట్లాడి వెళ్లాడు.

ఆ రంపం పళ్లకు ఒక లెక్క ఉంది. అద్దాలు ఉత్తరం వైపు చూడాలి. మన వైపు సూర్యుడు ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం పక్కగానే నడుస్తాడు. కనుక ఉత్తరపు అద్దాల్లోంచి లోపలికి వెలుగు వస్తుంది, ఎండ రాదు. నూలుకు వెలుగు కావాలి, ఎండ పనికిరాదు. ఎండ తగిలితే దారం ఆరిపోయి పుటుక్కున తెగుతుంది. ఇదంతా ఇవాళ గడగడా చెబుతున్నాను గానీ అప్పుడు నాకు ఇందులో ఒక్క ముక్క తెలియదు. నేను చదువుకున్నది కాలవలు, తూములు. తూముకు ఏ దిక్కైనా ఒకటే.

ప్లాను గీసిన ఇంజనీరు గారు మద్రాసులో ఉండేవారు. మనవాడే, కానీ మాట మాటకూ ఇంగ్లీషు. ఆయన గీసిన ప్లానులో గేటు పడమర వైపు ఉంది. మా యజమాని సిద్ధాంతి గారికి చూపిస్తే ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పడమటి గేటా, వీల్లేదు, తూర్పుకు తిప్పండి అన్నాడు. గేటు ఒక్కటే తిప్పితే లోపల యంత్రాల వరస అంతా తారుమారవుతుంది. అందుకని నేను తెలివిగా ప్లాను మొత్తాన్ని సగం చుట్టు తిప్పేశాను. కాయితం తలకిందులు చేస్తే సరిపోయింది. ఉత్తరాన్ని చూపించే బాణం కిందికి తిరిగింది గనక దాన్ని రబ్బరుతో చెరిపి మళ్లీ పైకి గీశాను. పక్కనున్న ఇంగ్లీషు ఎన్ అక్షరం తలకిందులైనా ఎన్ లాగే ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఎంత చక్కగా కుదిరిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గోడలు లేచాయి. మాచర్ల నాపరాళ్లతో నేల పరిచారు. వైశాఖంలో కప్పు పని మొదలైంది. ఇనప పనికి ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. పేటలో పుట్టి పెరిగిన సాయిబు. గోదాముల కప్పులూ రైలు షెడ్లూ వేసి వేసి చేతులు ఇనప రంగుకు తిరిగాయి. చదువు రాదు. నేను ఆయన్ను బాబాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను బాబూ అనేవాడు. చట్రాలు ఎక్కించేముందు ఆయనే అడిగాడు, అద్దాలు ఎటు తిప్పమంటావు బాబూ అని. గేటు తిప్పాం కదా, ఒక మాట ఇంజనీరు గారిని అడగడం మంచిదని నాకూ తోచింది. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఫలితం మాత్రం మీరే చూస్తారు.

యజమాని పత్తి కొట్లో టెలిఫోను ఉండేది. పొద్దున్న మద్రాసుకు ట్రంకు కాల్ బుక్ చేస్తే మధ్యాహ్నానికి దొరికింది. లైన్లో గాలివాన హోరు. "సార్, గేటు తూర్పుకు తిప్పాం, కప్పు అద్దాలు ఎటు పెట్టమంటారు?" అని అరిచాను. పలకరిస్తే ఇంగ్లీషులో బదులిచ్చే ఆ మహానుభావుడికి సరిగ్గా ఆ రోజే తెలుగు మీద ప్రేమ పుట్టింది.

"ఉత్తరం చూసి పెట్టవయ్యా! ఉత్తరం చూడకుండా ఒక్క అద్దం కూడా బిగించొద్దు!"

"చిత్తం సార్," అన్నాను. నార్త్ అని ఉంటే నేను ఇవాళ ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

మర్నాటి నుంచి పని ఆపేసి ఉత్తరం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. మేస్త్రీ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు వచ్చాడు.

"ఏంది బాబూ, దేనికోసం ఆగాం?"

"ఉత్తరం కోసం బాబాయ్."

"ఉత్తరం కోసం ఆగేదేంది? అదెక్కడికి పోయిద్ది?"

"పోదులే. ఒక రోజు అటూ ఇటూ అయినా వస్తుంది."

"వచ్చిద్దా?" అని ఆయన నా మొహం లోకి చానాసేపు చూశాడు. ఎండ దెబ్బ తగిలిందేమో అనుకున్నట్టున్నాడు, మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. నేనూ తాగాను.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. ఇంజనీరు గారి సంతకమే. మీరు అడిగిన మార్పు ఏమీ అక్కర్లేదు, డ్రాయింగులో ఎలా ఉందో అలాగే కానివ్వండి అని రెండు వాక్యాలు. ఎగిరి గంతేసి పని మొదలుపెట్టించాను. నా చేతిలో ఉన్న డ్రాయింగు నేను తిప్పేసిన డ్రాయింగు. అందులో ఉన్నట్టు పెడితే అద్దాలన్నీ దక్షిణానికి తిరుగుతాయి. తిరిగాయి.

మొదటి వరస చట్రాలు లేవగానే మేస్త్రీ పైనుంచి కేక వేశాడు.

"బాబూ, ఉత్తరం చూసే పెడతన్నామా?"

"రెండుసార్లు చూశాను బాబాయ్," అని జేబు తట్టి చూపించాను.

"మరి కొండ కనపడతందేంది?"

"కనపడితే మంచిదేగా!"

ఆయన పైనుంచి నన్ను ఒకసారి, ఆకాశాన్ని ఒకసారి చూసి, సుత్తి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం యజమాని వచ్చాడు. బిగించిన అద్దాల్లో కోటప్పకొండ మూడు శిఖరాలతో సహా కనిపిస్తోంది. ఆయన చెప్పులు విడిచి అద్దాలకు దండం పెట్టాడు. స్వామే వచ్చి మన మిల్లు కప్పు మీద కూర్చున్నాడయ్యా అన్నాడు. ఎంత బాగా పెట్టించావు అని నా భుజం తట్టాడు. నేను సిగ్గుపడుతూ నిలబడ్డాను. ఇవాళ తలుచుకుంటే ఆ సిగ్గు కొన్ని నెలలు ముందుగా వచ్చిందనిపిస్తుంది.

జూన్‌లో ఇంజనీరు గారు చూడటానికి వచ్చారు. మీరు అనుకుంటారు, అప్పుడైనా దొరికిపోయి ఉంటానని. ఆ నెలలో మన నెత్తిమీద సూర్యుడు ఉత్తరం పక్కకు జరిగి ఉంటాడు. అందువల్ల దక్షిణపు అద్దాల్లోంచి ఎండ పొడ కూడా పడలేదు, మెత్తని వెలుగు వచ్చింది. పైగా గేటు లోంచి లోపలికి రాగానే ఎడమచేతి వైపు అద్దాలు, ఆయన గీసినప్పుడూ ఎడమచేతి వైపే. గేటు తిరిగిన సంగతి ఆయనకు గుర్తే లేదు. "చూశావా వెలుగు! కన్నుకు చలవగా లేదూ?" అని ఆయన నన్ను మెచ్చుకుని రైలెక్కారు. మేస్త్రీ ఒక మూల నిలబడి బీడీ వెలిగించుకున్నాడు.

శ్రావణంలో మిల్లు తెరిచాం. కోయంబత్తూరు నుంచి ఒక స్పిన్నింగు మాస్టరు వచ్చాడు, పని బాగా తెలిసినవాడు, నవ్వడం తెలియనివాడు. నన్నూ మేస్త్రీనీ కట్టడం మరమ్మతులకని అక్కడే ఉంచేశారు. వడికిన నూలును కండెల మీది నుంచి చిలపలుగా, అంటే నూలు కట్టలుగా, చుట్టే పనికి ఆడవాళ్లను తీసుకున్నారు. వాళ్లలో పెద్దామెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. శావల్యాపురం రోడ్డు పక్క పల్లె నుంచి నడిచి వచ్చేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. మిల్లు హోరులో కూడా ఆమె గొంతు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేది. అంతకు ముందు మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలికి పోయేది. వాళ్లింట్లో మూడు తరాల్లో నీడపట్టున పని చేసిన మొదటి మనిషి తనేనని చేరిన రోజు నాతో గర్వంగా చెప్పింది. మా అమ్మ మాట గుర్తొచ్చి నాకు ఆమె మీద అభిమానం కలిగింది.

దసరా వెళ్లాక గొడవ మొదలైంది. పెద్దక్క వరసలో నూలు తెగడం ఎక్కువైంది. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రం బాగానే ఉంటుంది, మధ్యలో మాత్రం పుటుక్కు పుటుక్కుమంటూ దారాలు తెగుతూనే ఉంటాయి. అతుకులు వేయలేక ఆడవాళ్ల వేళ్లు నొప్పులు పుట్టాయి. మాస్టరు యంత్రాలన్నీ విప్పించి చూశాడు. ఏ లోపమూ దొరకలేదు. యంత్రంలో లేకపోతే మనుషుల్లోనే ఉందని తేల్చేశాడు. కార్తీకం వచ్చేసరికి పెద్దక్కతో రోజూ మాటా మాటా పెరిగింది.

ఒక రోజు నాకు కబురు పెట్టాడు. చిలపలు చుట్టే చోట నేలంతా ఎవరో బొగ్గుతో గీతలు గీశారు, కడిగించండి అని. వెళ్లి చూశాను. నాపరాళ్ల మీద చిన్న చిన్న బొగ్గు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఏటవాలుగా జరిగిపోతూ ఉన్నాయి.

"ఎవరు గీశారక్కా?"

"నేనే సారూ. దారం తెగినప్పుడల్లా ఎండ యాడదాకా వచ్చిందో ఆడ గీత పెట్టా. మాస్టరు ఎవరు చెప్పినా వినడు గదా, నేలన్నా చెప్పిద్దని."

నేను కప్పు వైపు చూశాను. అద్దాల్లోంచి ఎండ పలకలు పలకలుగా దిగి సరిగ్గా ఆమె కండెల మీద పడుతోంది. ఆ అద్దాలను అటు తిప్పి పెట్టించింది నేనే.

"నీడ పని అన్నారని వచ్చాం సారూ," అంది పెద్దక్క. ఈసారి గట్టిగా అనలేదు. "ఎండ మమ్మల్ని ఎతుక్కుంటా ఈడికి గూడా వచ్చింది. రేపు యజమాని దగ్గరికి రమ్మన్నారు. నా పని చీటీ చింపేస్తారంట. మళ్లా మిరప చేనుకే పోవాల. మిగతా ఆడోళ్లకి బుద్ధి వచ్చిద్దని నన్ను తీసేస్తారంట."

నేను నేల కడిగించలేదు. తిన్నగా మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన గేటు బయట రాట్నపు చక్రం ఒకటి బాగుచేస్తున్నాడు.

"బాబాయ్, అద్దాలు తప్పు పెట్టాం కదూ?"

"వైశాఖంలోనే అడిగా గదా బాబూ."

"మళ్లీ ఎందుకు అడగలేదు?"

"నీ జేబులో కాయితం ఉండె. కాయితంతో నేనేం పోట్లాడేది?" అన్నాడు తలెత్తకుండా. కోపంతో అనలేదు. కోపంతో అంటే బాగుండేది.

అప్పుడు పత్తి గోదాములో ఉన్న నా పెట్టె లోంచి ఆ ఉత్తరం తీసి చూశాను. నేను ట్రంకు కాల్ చేసిన రోజుకు మూడు రోజుల ముందు రాసిన తేదీ ఉంది దాని మీద. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు వారం ముందు కప్పు మీది వాననీళ్ల తొట్టి వెడల్పు చేయమంటారా అని నేను ఒక జాబు రాశాను. అప్పట్లో రోజుకొక జాబు రాసే ఉత్సాహం నాది. ఆయన బదులు రాసింది ఆ తొట్టికి. మరి ఫోనులో చెప్పిన ఉత్తరం? మేస్త్రీ అడిగిన ఉత్తరం? ఆ నిమిషంలో నా చెవిలో వాళ్లిద్దరి మాటలూ మళ్లీ వినపడ్డాయి. అక్కడే బేళ్ల మీద కూలబడ్డాను.

మళ్లీ గేటు దగ్గరికి పోయి మేస్త్రీకి చెప్పాను. ఆయన చేతిలోని చక్రం కింద పెట్టి, మొదట అర్థం కాక, తర్వాత అర్థమై, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "నాలుగు రోజులు పోస్టోడి కోసం ఆగామా బాబూ? నేను నీకు మజ్జిగ ఇచ్చా గదా!" తర్వాత లేచి నన్ను చేను మధ్యకు తీసుకుపోయి నిలబెట్టాడు. "కొండను ఈపుకి పెట్టుకో. మొహం ముందర ఉండేదే ఉత్తరం. దీనికి కాయితం ఎందుకు?"

మర్నాడు పొద్దున పత్తి కొట్లో యజమాని గదిలో నలుగురం. ఆయన, మాస్టరు, పెద్దక్క, నేను. నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. ఉత్తరం నా జేబులోనే ఉంది. నిజం చెబుతాను, దాన్ని చూపించి తప్పించుకోవచ్చునన్న ఆలోచన గడప దాటేదాకా నాతోనే వచ్చింది. ఇంజనీరు గారు డ్రాయింగులో ఉన్నట్టే పెట్టమన్నారండీ, ఇదిగో సంతకం అంటే నన్ను ఎవరూ ఏమీ అనరు. తేదీ ఎవరు చూస్తారు? నాకు పెళ్లి కుదిరి నెల కాలేదు. ఉద్యోగం పోతే పిల్లనిచ్చేవాళ్లు ఏమంటారో తెలుసు. పెద్దక్క గోడకు ఆనుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతివేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. అవి చూశాక జేబులో చెయ్యి పెట్టలేకపోయాను.

"ఆమె తప్పు లేదండీ. తప్పు నాది. అద్దాలు ఉత్తరానికి పెట్టాల్సింది, దక్షిణానికి పెట్టించాను. ఎండ అందుకే వస్తోంది," అన్నాను.

మాస్టరు కుర్చీ లోంచి సగం లేచాడు. యజమాని మాత్రం కదల్లేదు.

"అంటే అద్దాల్లో స్వామి కనపడటం...?"

"పొరపాటేనండీ."

ఆయన మొహం చూడలేకపోయాను. ఉద్యోగం పోయిందని నిర్ణయించుకున్నాను. ఆయన ఇంజనీరుకు ఫోను కలపమన్నాడు. కలిసేదాకా ఎవరినీ బయటికి పోనివ్వలేదు. గంటన్నరకు లైను కలిసింది. మా యజమాని సంగతి చెప్పీ చెప్పకముందే అవతలి నుంచి ఇంజనీరు గారి కేక మా అందరికీ వినపడింది.

"ఉత్తరం అన్నానండీ! మీవాడికి ఫోనులో స్పష్టంగా ఉత్తరం అని చెప్పాను!"

మా యజమాని అంతకన్నా గట్టిగా అరిచాడు.

"ఏ ఉత్తరం? ఎప్పుడు రాశారు? మాకే ఉత్తరమూ రాలేదే!"

ముందు పెద్దక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నాకు ఆగలేదు. "అదేనండీ, నేనూ సరిగ్గా అదే అనుకున్నాను!" అన్నాను. యజమాని రిసీవరు పట్టుకుని నా వంక చూశాడు. ఆయనకు మెల్లగా వెలిగింది. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా. లైన్లో ఇంజనీరు గారు హలో హలో అంటూనే ఉన్నారు. మాస్టరుకు తెలుగు అంతంత మాత్రం. ఎందుకు నవ్వుతున్నారో ఎవరైనా చెప్పండి అని అడిగితే పెద్దక్క పూనుకుని చెప్పింది. ఒక ఉత్తరం పోస్టుమాను తెచ్చేదనీ ఇంకో ఉత్తరం దేవుడు పెట్టిందనీ ఆమె చేతులు తిప్పి చెబుతుంటే ఆ మాస్టరు మిల్లుకొచ్చాక మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వాడు. అప్పటికప్పుడు ఆమె చీటీ ఆమె చేతికి ఇచ్చేశాడు. ఆమె దాన్ని రెండుసార్లు మడిచి జాకెట్లో దాచుకుని, "పోతన్నా సారూ, దారాలు తెగతంటయ్," అని పనిలోకి వెళ్లిపోయింది.

నన్ను తీసేయలేదు. తనే ఆ మాటకు బోల్తాపడ్డాక నన్ను తీసేయడానికి యజమానికి మొహం చెల్లలేదని నా నమ్మకం. శిక్ష మాత్రం వేశాడు. కప్పంతా విప్పి తిప్పాలంటే మిల్లు నెలల తరబడి ఆగిపోతుంది. వేరే ఉపాయం చూడండి, చూసేది మీరిద్దరే, చేసేదీ మీరిద్దరే అని నన్నూ మేస్త్రీనీ కలిపి అప్పజెప్పాడు. ఉపాయం మేస్త్రీదే. సున్నంలో కాస్త నీలిమందు, కాస్త గంజి కలిపి అద్దాలకు పూత వేశాం. వెలుగు లోపలికి వచ్చింది, ఎండ చల్లబడింది. ఏ అద్దానికి వేయాలో ఏ అద్దం వదలాలో పెద్దక్క బొగ్గు గీతలు చూసి తేల్చుకున్నాం. ఆ గీతలను నేను ఎప్పటికీ కడిగించలేదు. నాకు తెలిసి ఆ కట్టడానికి అంత సరైన డ్రాయింగు ఇంకొకటి లేదు.

అప్పటి నుంచి ఏటా దసరా వెళ్లగానే మేమిద్దరం కప్పెక్కి పూత వేసేవాళ్లం, కోటప్పకొండ తిరణాల అయ్యాక కొన్ని వారాలకు కడిగేసేవాళ్లం. ఉగాదికల్లా మళ్లీ అద్దాల్లో కొండ కనిపించేది, యజమాని మళ్లీ దండం పెట్టేవాడు. ఆయన భక్తికి నా తప్పు ఏమీ అడ్డం రాలేదు. పైన పని చేస్తూ ఉండగా మేస్త్రీ తన కూతురు గురజాల నుంచి రాసిన జాబులు జేబు లోంచి తీసి నా చేతికి ఇచ్చేవాడు. "నువ్వు ఆ ఉత్తరం చదువు బాబూ, నేను ఈ ఉత్తరం చూసుకుంటా," అనేవాడు. నేను చదువుతుంటే ఆయన బ్రష్షు ఆపి వినేవాడు. ఆ కూతురి పిల్లలందరికీ పళ్లు ఎప్పుడొచ్చాయో నాకు తెలుసు. ఏటా ఆ కప్పు మీద గడిపిన ఆ కొన్ని రోజులకన్నా సుఖమైన ఉద్యోగం నేను చేయలేదు. మా అమ్మ కోరుకున్న నీడ ఒక్కటే లేదు.

అరవైల చివర్లో మేస్త్రీ పోయాడు. పూత వేసే నెలే అది. కబురు అందుకుని నేనూ పెద్దక్కా ఆయన ఇంటికి వెళ్లాం. ఆమె అప్పటికి చిలపల విభాగానికి పెద్ద. తర్వాత, ఆడవాళ్లు రారు గనక, గోరీల దొడ్డికి నేను వెళ్లాను. సాయిబుల్లో పోయినవాళ్ల తలను ఉత్తరానికి పెట్టి పడుకోబెడతారు. అక్కడ గోరీలన్నీ అలాగే వరసగా ఉన్నాయి, ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. నేను ఒక పక్కగా నిలబడి ఉన్నాను. లారీ మెకానిక్ అయిన ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, మా నాయన ఒక మాట చెప్పి పోయాడు. గుంత మొదలుపెట్టేముందు ఉత్తరం ఎటో ఓవర్సీరు బాబుని అడగమన్నాడు."

అక్కడున్నవాళ్లలో సగం మంది మా మిల్లు మనుషులే. అందరూ నా వైపు తిరిగారు. కొందరు నవ్వు ఆపుకుంటున్నారు, కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు, నేను రెండూ చేస్తున్నాను. నేను వెనక్కి తిరిగి కోటప్పకొండ ఎక్కడుందో చూసుకున్నాను. దాన్ని వీపుకు పెట్టుకుని నిలబడి, ఎదురుగా చెయ్యి చాపాను.

"సరిగ్గా చెప్పారు సారూ," అన్నాడు కొడుకు. పార అందుకున్నాడు.